దీపాలు మింగే దెయ్యం, ఉద్ధరిణెడు సొర నూనె

సముద్రపు హోరు కోటగోడల దాకా వినబడే ఒకానొక రాజ్యాన్ని మార్తాండభూపతి ఏలేవాడు. సూర్యుడి పేరు పెట్టుకున్నాడు కాబట్టి తనంతటివాడు లేడని ఆయన నమ్మకం. నీచు వాసన గిట్టదని కోటలోకి చేపనూ చేప నూనెనూ రానిచ్చేవాడు కాదు.

ఒక ఏడు ఆయనకు వింత బాధ మొదలైంది. పొద్దు వాలితే చాలు, సభలో ఒక్క దీపమూ కనబడదు. మాటలు వినబడతాయి, మనుషులు కనబడరు. ఎవరిదో ఊపిరి చెవి పక్కనే తగులుతుంది. దీపాలను దెయ్యం మింగుతోందని రాజు తేల్చేశాడు. ఇది రేచీకటి అన్న వైద్యుణ్ణి మర్నాడే పొలిమేర దాటించాడు. సూర్యుడి పేరువాడికి చీకటేమిటని ఆయన కోపం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దీపాలు వెలుగుతున్నాయన్నవాడు దెయ్యంతో కుమ్మక్కైనవాడేనని రాజు చాటింపు వేయించాడు. ఆ సాయంత్రం నుంచి వంద దివిటీల వెలుగులో మంత్రులూ పండితులూ దండనాయకులూ చేతులు చాచి తడుముకుంటూ నడవసాగారు. ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. కొన్నాళ్లకు, తమకు నిజంగానే కనబడటం లేదేమోనని కొందరికి అనుమానం కూడా పట్టుకుంది.

పైడయ్య అనే దివిటీవాడికి మాత్రం ఈ విద్య అబ్బలేదు. దివిటీ ఎందుకు వెలిగించలేదని రాజు గద్దిస్తే ఉన్నమాట చెప్పాడు.

"ఎలుగుతోంది బాబూ. సెగకి నా చెయ్యి కాల్తోంది."

వాణ్ణి చెరలో వేయించి, నలభై రోజుల్లో తనకు దీపాలు కనబడకపోతే రాయి కట్టి సముద్రంలో తొయ్యమన్నాడు రాజు. పైడయ్య భార్య ఏడుస్తూ వెళ్లి ఆస్థాన విదూషకుడు మాచన కాళ్ల మీద పడింది.

మాచన రేవులో పెరిగినవాడు. జాలరులు సొరచేప కార్జాన్ని కుండల్లో కాచి నూనె తీస్తారు. దాన్ని పడవ చెక్కకు పురుగు పట్టకుండా పూస్తారు, దీపాల్లో పోస్తారు, పొద్దుగూకితే చూపు ఆననివాళ్లకు తాగిస్తారు. అదంతా అతడు కళ్లారా చూసినదే. రాజు చేత తాగించడమే అసలు చిక్కు.

ఆ సాయంత్రం మాచన సభలో లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, దెయ్యాన్ని నేను చూశాను. అది దీపాల జోలికి పోవడం లేదు. మీ సింహాసనం వెనక నిలబడి ముందు మీ కళ్లు మూస్తోంది, తర్వాత మా కళ్లు మూస్తోంది."

రాజు చిన్న గొంతుతో అడిగాడు.

"దాని చేతులు చల్లగా ఉంటాయి కదూ?"

మాచన అబద్ధం చెప్పడానికే వచ్చాడు. అయినా ఆ ప్రశ్న వినగానే అతడి వెన్నులో చలి పుట్టింది. రాజు మీద మొదటిసారి జాలి కూడా కలిగింది. చల్లగానే ఉంటాయని ఒప్పుకుని, అది సొర నూనె వాసనకు తప్ప దేనికీ జడవదనీ, రోజూ ఉద్ధరిణెడు తాగినవాణ్ణి ముట్టదనీ చెప్పాడు. నీచు నూనె తన నోటికా అని రాజు మండిపడ్డాడు.

"తమకెందుకు ప్రభూ ఆ కష్టం? పైడయ్య తాగుతాడు. ఈ కోటలో దీపాలు చూడగలిగేవాడు వాడొక్కడే అవుతాడు."

రాజుకు కనబడనిది దివిటీవాడికి కనబడటమా? మర్నాడు పొద్దున్నే మార్తాండభూపతి ముక్కు మూసుకుని మొదటి ఉద్ధరిణె తానే మింగాడు. తాను తప్ప ఇంకెవరూ తాగరాదని ఆజ్ఞ కూడా ఇచ్చాడు.

ముప్పై ఆరో సాయంత్రం ఆయనకు ముందు పసుప్పచ్చని మసక కనబడింది. అందులోంచి మెల్లగా దివిటీలు తేలాయి. ఆ తర్వాత మనుషులు కనబడ్డారు. అందరూ కళ్లు తెరుచుకునే ఉన్నారు, చేతులు చాచి గాలిలో వెతుకుతున్నారు. వృద్ధమంత్రి చూస్తూ చూస్తూనే వెళ్లి స్తంభానికి నుదురు కొట్టుకున్నాడు. ఎవరూ నోరు మెదపడం లేదు. ఇన్నాళ్ల చీకటిలో కలగనంత భయం రాజుకు ఆ వెలుగులో కలిగింది.

"మాచనా, దీపాలన్నీ వెలుగుతున్నాయి. వీళ్లెందుకు తడుముకుంటున్నారు?"

"మిమ్మల్ని పట్టింది రేచీకటి ప్రభూ, అది నూనెతో పోయింది. వీళ్లను పట్టింది మీరు. దానికి మా రేవులో మందు లేదు."

రాజు ముఖం ఎర్రబడింది. మాచన తన తల మీద ఆశ వదులుకున్నాడు. అంతలో రాజు పెదవి వణికింది, నవ్వు వచ్చింది. కాసేపటికి ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. పైడయ్యను విడిపించాడు, వైద్యుణ్ణి వెనక్కి రప్పించమన్నాడు, చేప నూనెకు కోట తలుపులు తెరిపించాడు. తన ముత్యాల హారం తీసి మాచన మెడలో వేశాడు.

సభవారు మాత్రం చేతులు చాచుకుని అలాగే నిలబడి ఉన్నారు. ఇక చూడవచ్చునని రాజు ఆజ్ఞ ఇచ్చాకే వాళ్లకు చూపు వచ్చింది.