గైరమ్మ బొంత

మబ్బులు కొండలమీద వాలి నిద్రపోయే ఒక రాజ్యంలో, ఎన్ని పరుపులు మార్చినా రాజుకు మాత్రం కునుకు పట్టేది కాదు. ఒకనాడు వేటకెళ్లి వానలో చిక్కి, బొంతలు కుట్టే గైరమ్మ గుడిసెలో తలదాచుకున్నాడు. ఆమె కప్పిన పాతచీరల బొంతలో, అమ్మ ఒళ్లో పడుకున్నట్టు, బారెడు పొద్దెక్కేదాకా నిద్రపోయాడు.

లేస్తూనే, "నాకూ ఇలాంటిది కుట్టు. కొత్తచీరలతో కుట్టాలి, ఇంతే మెత్తగా ఉండాలి. పున్నమికి అందకపోతే నీ గుడిసె పీకిస్తా!" అన్నాడు.

గైరమ్మకు నవ్వొచ్చింది.

"కుట్టడం నాకు మూడు రోజుల పని మారాజా. మెత్తబరచడమే మీ ఇంటివాళ్ల పని. ఈ బొంతలో పసుపుపచ్చ ముక్క మా అత్త పెళ్లిచీర. పదేళ్లు కట్టింది, ఉతికింది, ఆరేసింది. తర్వాత నా ముగ్గురు బిడ్డలూ అందులోనే ఉయ్యాలూగారు. రాణమ్మగారి చీరలు కూడా అంతపనీ చేశాక నాకు పంపండి."

"మా కోటలో ఒకసారి కట్టిన చీర మళ్లీ కట్టరే!"

"అందుకే కదా బాబూ, తమరు నా గుడిసెలో నిద్రపోయారు."

రాజు బొంత అంచు ఒకసారి నిమిరి, గుర్రమెక్కి కోటకు బయల్దేరాడు.

ఆ సాయంత్రం, కోట కట్టాక మొదటిసారి, రాణిగారి పెరట్లో దండెం కట్టారు.