నడిచి వచ్చినవాడు రోగి కాడు

ధవళపురి అనే రాజ్యం ఒకటి ఉండేది. పటంలో వెతక్కండి, దొరకదు. కానీ అక్కడి పేదవాడు వైద్యశాల గుమ్మంలో ఎలా నిలబడేవాడో చెబితే, మీరు ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినట్టు గుర్తుపడతారు.

ఆ రాజ్యాన్ని భూపాలరాయలు ఏలేవాడు. ఆయనకు తెలుపంటే పిచ్చి. కోటగోడలకూ మేడలకూ చివరికి గుర్రపుశాలలకు కూడా ఏటా రెండుసార్లు సున్నం కొట్టించేవాడు. ఆ సున్నం ఊరి చివర బట్టీల్లో కాలేది. కాల్చేవాళ్ళ గుండెల్లో ఆ పొడి పేరుకుపోయేది. నలభై ఏళ్ళు నిండకుండానే దగ్గి దగ్గి పోయేవాళ్ళు.

తాను దయగల ప్రభువునని నలుగురూ అనాలి కదా! అందుకని రాయలు ఒక ధర్మవైద్యశాల కట్టించాడు. రోగికి మంచం, మందు, రెండుపూటలా జావ ఉచితమని రాతి మీద చెక్కించాడు. అయితే మంచం కావలసినవాడు ముందుగా న్యాయసభలో తాను రోగినని రుజువు చేసుకోవాలి. వాడు రోగి కాడని వాదించడానికి రాజు తరఫున ఒక వకీలు ఉండేవాడు. అతని పేరు పేరిశాస్త్రి.

పేరిశాస్త్రి ఏమీ కలిగినింటివాడు కాదు. రోజుకో ఇంట్లో తిని, వారాలు చేసుకుని చదువుకున్నవాడు. కొలువులో చేరిన కొత్తలో రాజు మెప్పుకోసం ఒక వాదం కనిపెట్టాడు. "రోగి సభకు స్వయంగా రావాలి. రాకపోతే వ్యాజ్యం కొట్టెయ్యాలి. వచ్చాడా, ఇంత దూరం నడిచి వచ్చినవాడు రోగి ఎలా అవుతాడు?"

సభంతా పగలబడి నవ్వింది. రాయలు పట్టుశాలువా కప్పాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళపాటు పేరిశాస్త్రి ఒక్క వ్యాజ్యం ఓడిపోలేదు. వైద్యశాలలో దుప్పట్లు మడత నలగలేదు.

తెలివి ఉన్నవాడికి సిగ్గు ఆలస్యంగా వస్తుంది. వచ్చాక మాత్రం వదలదు. పేరిశాస్త్రికి తిన్నది ఒంటబట్టడం మానేసింది. సభలో ఎవరైనా నవ్వితే ఉలిక్కిపడేవాడు.

ఒకనాటి సాయంత్రం బట్టీలవీధి నుంచి నూకాలు అనే ఆవిడ అతని ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది.

"రేపు మా ఆయన్ని సభకు రమ్మన్నారు బాబూ. గంగులు ఆయన పేరు. ఒక్కమాట అడిగి పోదామని వచ్చాను. నడిపించుకు రమ్మంటారా, మోసుకు రమ్మంటారా? ఎలా తెస్తే మంచం ఇస్తారు?"

పేరిశాస్త్రి గడప దాకా వచ్చాడు. "నడిపించి తెస్తే రోగి కాడంటాను. మోసి తెస్తే, తనంతట తాను రాలేదు కాబట్టి కొట్టెయ్యమంటాను. రెండిటికీ నా దగ్గర జవాబు ఉందమ్మా."

"అయితే ఓడిపోండి బాబూ. ఒక్కసారి. మీకేం పోతుంది?"

"నేను నోరు మూసుకున్నా, పాత తీర్పులు చూసి ధర్మాధికారి కొట్టేస్తాడు. ఆ తీర్పులన్నీ నేను ఇప్పించినవే."

నూకాలు కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. "ఇంత చదువూ చదివి, తలుపులన్నీ మూసేశారన్నమాట" అంది. అని, వెళ్ళిపోయింది.

తెల్లవారింది. ఆ రోజు సభకు రాయలు పొరుగు రాజ్యపు రాయబారిని వెంటబెట్టుకుని వచ్చాడు. మధ్యాహ్నం రెండు రాజ్యాలకూ సరిహద్దు ఒడంబడిక జరగాలి. ఈలోగా తన వకీలు గొప్పతనం చూపించి మురిసిపోదామని రాజుగారి సరదా.

గంగులు సభామండపం మెట్లెక్కాడు. ఎక్కాడు అనకూడదు. మెట్టు మెట్టుకూ కూర్చుని, ఊపిరి తీసుకుని, పైకి జరిగాడు. పైకి వచ్చేసరికి పెదవులు నల్లబడ్డాయి. తన పేరు చెప్పబోయి దగ్గాడు. నూకాలు కొంగుతో మూతి తుడిచింది. కొంగు ఎర్రబడింది.

"చూస్తూ ఉండండి" అన్నాడు రాయలు రాయబారితో. "మా శాస్త్రి ఒక్కమాటతో తేల్చేస్తాడు."

పేరిశాస్త్రి లేచి, రాజు తరఫున వాదించేవాడు పట్టే వెండికర్ర అందుకున్నాడు. అందుకుని, వాదం మొదలుపెట్టకుండా రాజుకు నమస్కరించాడు.

"ప్రభూ, అతిథులకు మన సభాచారం కొత్త. ఈ వెండికర్ర మహిమ ఏమిటో తమరి నోటనే సెలవిస్తే సభకు శోభ."

రాయలు మీసం సవరించుకున్నాడు. "చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. ఈ కర్ర పట్టి మా వకీలు పలికితే మేము పలికినట్టే! పలికాక మేమే ఎదురొచ్చి కాదన్నా చెల్లదు. మాట తప్పడమనేది మా వంశంలో లేదు!"

"లేఖకులు రాసుకున్నారా?"

"అక్షరం పోకుండా రాశాం" అన్నారు లేఖకులు.

పేరిశాస్త్రి కర్ర ఎత్తాడు.  

"గంగులు రోగి. రాజుగారి కోటకు సున్నం కాల్చి కాల్చి రోగి అయ్యాడు. నడిచి వచ్చినా రోగే, రాలేకపోయినా రోగే. మంచమూ మందూ ఇవ్వడానికి రాజుగారు ఒప్పుకుంటున్నారు. ఇకమీదట ఏ రోగీ ఈ మెట్లెక్కనక్కర్లేదనీ, వైద్యుడే రోగి గుమ్మంలోకి వెళ్ళి చూస్తాడనీ కూడా ఒప్పుకుంటున్నారు."

లేఖకులు ఆ మాటలూ రాసేసుకున్నారు.

"ఎవడు ఒప్పుకున్నాడు?" రాయలు సింహాసనం మీదనుంచి లేచాడు. "నిన్ను గెలవమని పెట్టుకున్నానా, నా ఇల్లు దోచిపెట్టమని పెట్టుకున్నానా? ఆ మాట చెల్లదు!"

"నెమ్మదిగా అనండి ప్రభూ, బయటికి వినబడుతుంది. కర్ర పట్టినవాడి మాట చెల్లదని తమరే అంటే, తొమ్మిదేళ్ళుగా ఇదే కర్ర పట్టి నేను ఓడించిన వాళ్ళందరూ రేపు పొద్దున్నే ఈ మెట్ల దగ్గర ఉంటారు. మా వ్యాజ్యాలు మళ్ళీ వినండి అంటారు." అని, "అందరూ రారు లెండి. సగంమంది పోయారు. ఆ మేరకు తమకు వెసులుబాటే" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

రాయబారి మెల్లగా దగ్గాడు. ఆ దగ్గులో రోగం ఏమీ లేదు. "రాయలవారూ, నాదొక చిన్న సందేహం. మధ్యాహ్నం మన ఒడంబడిక కూడా ఈ కర్ర పట్టుకునే పలుకుతారని విన్నాను. అది ఏ పూటదాకా నిలుస్తుందో ముందే తెలిస్తే, మా రాజుగారికి కబురు పంపుకుంటాను."

భూపాలరాయలు రాయబారికేసి చూశాడు, లేఖకులకేసి చూశాడు, కర్రకేసి చూశాడు. ముఖం ఆయన కోటగోడలాగా పాలిపోయింది. తర్వాత ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నాలుగు గోడల మధ్య ఇరుక్కున్న రాజుకు అంతకన్నా పరువైన దారి ఇంకేముంది చెప్పండి! రాజు నవ్వాడు కాబట్టి సభా నవ్వింది.

"భేష్ శాస్త్రీ! నా మాటతోనే నన్ను కట్టేశావు" అని మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు. వేస్తూ చెవిదగ్గర, "ఇక బతికుండగా ఆ కర్ర నీ చేతికివ్వను" అన్నాడు.

"ఆ మాట కూడా లేఖకుల చేత రాయించండి ప్రభూ. చాలా సంతోషం."

ఆ పూటే గంగుల్ని మంచం మీద పడుకోబెట్టారు. పొడి నిండిన గుండెలను ఏ మందూ కడగలేదు. కానీ మనిషి మెట్ల మీద పోకుండా, పెళ్ళాం పక్కన కూర్చుని ఉండగా, దుప్పటి కప్పుకుని ఊపిరి పీల్చాడు. ఆ కాస్త మర్యాద కోసం ఇంత తంటా పడవలసి వచ్చిందే అని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొలువు పోయిన పేరిశాస్త్రి రాజవైద్యుణ్ణి వెంటబెట్టుకుని బట్టీలవీధికి వెళ్ళాడు. కాగితం పట్టుకెళ్ళలేదు. ఓడించిన ప్రతివాడి పేరూ అతనికి నోటికి వచ్చు.

మొదటి గుమ్మంలో, "కనకమ్మ ఉందా?" అని అడిగాడు.

"రెండేళ్ళయింది బాబూ" అన్నారు.

రెండో ఇంటికి తాళం. మూడో ఇంట్లో ఒక ముసలమ్మ చేట దించకుండానే తల అడ్డంగా ఊపింది.

వైద్యుడికి ఎండ మాడుస్తోంది. "ఇంకా ఎన్ని ఇళ్ళున్నాయి శాస్త్రిగారూ?"

"నేను గెలిచినన్ని."

నాలుగో గుమ్మం దగ్గర పిలవబోయి ఆగిపోయాడు. లోపల ఎవరో దగ్గుతున్నారు. పేగులు తెగేటట్టు, ఆగకుండా దగ్గుతున్నారు.

"ఉన్నాడు! ఇంకా ఉన్నాడు!" అంటూ పేరిశాస్త్రి వైద్యుడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు.