మంత్రసాని బండి మీద ఇత్తడి పలక

అనగనగా తేనెకొండ అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి నడిమధ్యన ఒక ఏరు. ఆ ఏటికి ఉన్నది ఒకటే రేవు, ఆ రేవుకు ఉన్నది ఒకటే బల్లకట్టు. దాని మీద ఒక్కసారికి ఒక్క బండే పడుతుంది. అందుకని తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా రేవులో బండ్లు బారులు తీరి ఉండేవి.

ముందు ఎవరు దాటాలో చెప్పేవాడు రేవు పెద్ద గంగులు. ఆయన గట్టు మీద మంచె వేసుకుని కూర్చునేవాడు. బండ్లు గట్టు దిగి నీళ్ల వైపు పోతుంటాయి కనుక ఆయనకు కనిపించేవి బండ్ల వెనక భాగాలే. మంత్రిగారి బండి వచ్చినా వరసలో నిలబడవలసిందే. ఒక్క బండికి మాత్రం వరస లేదు. అది మంత్రసాని బండి.

ఆ బండిని గుర్తుపట్టడానికి తేనెకొండలో ఒక ఆచారం ఉండేది. ఏ ఇంట బిడ్డ పుట్టినా, పదకొండో రోజున పురుటి స్నానం అయ్యాక, ఆ బిడ్డ పాదాన్ని పసుపు ముద్దలో అద్ది మంత్రసాని బండి వెనక పలక మీద ఒత్తేవారు. చిట్టి పాదాలు ఒకదాని మీద ఒకటి పడి పలకంతా పచ్చగా ఉండేది. మంచె మీద నుంచి ఆ పచ్చదనం కంటపడగానే గంగులు డప్పు మీద రెండు దెబ్బలు వేసేవాడు. బండ్లన్నీ పక్కకు తప్పుకునేవి. ఎవరూ సణిగేవారు కాదు. తమ ఇంటి పాదం కూడా అందులో ఉంటుంది కదా మరి.

ఆ మంత్రసాని పేరు సిద్ధమ్మ. అరవై దాటిన మనిషి. మనుషులతో కన్నా తన ఎద్దులతోనే ఎక్కువ మాట్లాడేది. ముప్పై ఏళ్లు నడిచిన ఆమె పాత బండికి ఒకనాడు ఇరుసు విరిగింది. విరిగిన ఇరుసు సంగతి చూద్దామని వంగితే పలకలు కూడా చెదలు తినేసి ఉన్నాయి. ఇక లాభం లేదనుకుని సిద్ధమ్మ కోట వీధిలో ఉన్న చక్రధరుడి అంగడికి వెళ్లి కొత్త బండి కొనుక్కుంది.

నిజం చెప్పుకోవాలి, చక్రధరుడి బండ్లు మంచివి. చక్రం కిర్రుమనదు, గుంతలో పడినా నడుం పట్టేయదు. ఆ పెద్దమనిషికి ఉన్నదల్లా ఒకటే జబ్బు, తన పేరంటే మోజు. గొడుగు మీద పేరు, చేతికర్ర మీద పేరు, ఆఖరికి పెంపుడు కుక్క మెడపట్టీ మీద కూడా పేరే. అమ్మిన ప్రతి బండికీ, అది వాకిలి దాటకముందే, చేటంత ఇత్తడి పలకను వెనక చెక్కంతా కప్పేసేలా లక్కతో అతికించేవాడు. కొన్నవాళ్లను అడగడమనేది ఆయనకు తట్టనే తట్టదు. ఆ పలక మీద ఇలా చెక్కి ఉండేది: ‘ఇది చక్రధరుడి బండి. ఇలాంటిదే మీకూ కావాలా? కోట వీధికి దయచేయండి.’

సిద్ధమ్మకు చదువు రాదు. ఇంటికి వచ్చాక ఆ పలకను చూసి, దిష్టి తగలకుండా యంత్రం కూడా ఇచ్చాడే, ఎంత మంచివాడో అనుకుంది. తెల్లవారి స్నానం చేయడం, దానికి కుంకుమ బొట్టు పెట్టడం, రెండు చేతులూ జోడించడం. ఇలా తొమ్మిది రోజులు జరిగింది.

పదో రోజున ఏటి అవతలి కొమ్మలపాడు నుంచి కబురు వచ్చింది. కుమ్మరివారి కోడలికి నొప్పులు మొదలయ్యాయి, తొలిచూలు. సిద్ధమ్మ బండి కట్టుకుని రేవుకు వెళ్లింది. ముందు పన్నెండు బండ్లు ఉన్నాయి, గాలివాన వచ్చేలా ఉంది.

గంగులు మంచె మీద నుంచి చూశాడు. ఇత్తడి పలక తళుక్కుమంది. చక్రధరుడి బండివాళ్ల చేతిలో ఆయన అప్పటికే మూడుసార్లు మోసపోయి ఉన్నాడు. ఇంట్లో తండ్రి పోయేలా ఉన్నాడని చెప్పి ఒకడు దాటాడు, తీరా చూస్తే బండిలో అమ్మకానికి పోయే చక్రాలు. ఇంకొకడు అన్న అన్నాడు, మూడోవాడు మేనమామ అన్నాడు. అప్పటినుంచి పసుపు పాదాలు కనబడితే తప్ప ఎవరి మాటా నమ్మనని ఒట్టు పెట్టుకున్నాడు. సిద్ధమ్మ కింద నుంచి గొంతు చించుకుని అరిచింది, గాలికి వినబడలేదు. పక్క బండివాడి చేత కబురు పంపింది. చక్రధరుడి బండివాళ్లకు రోజూ ఎవరింట్లోనో ఒకరింట్లో పురుడేనని గంగులు నవ్వి, తల తిప్పుకున్నాడు.

పదమూడో బండిగా సిద్ధమ్మ ఏరు దాటింది. ఆమె వెళ్లేసరికి బిడ్డ పుట్టేసి ఉన్నాడు. ఒళ్లు నీలంగా ఉంది, ఏడుపు లేదు. అత్తగారు బిడ్డను చేతుల్లో పెట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చుని ఉంది. సిద్ధమ్మ బిడ్డను లాక్కుని నోరు శుభ్రం చేసింది, అరికాళ్లు తట్టింది, మెల్లగా ఊపిరి ఊదింది. ఎంతోసేపటికి బిడ్డ కేరుమన్నాడు. అందరూ ఏడుస్తూ నవ్వారు.

తిరుగు దారిలో ఆమె మంచె కిందకు వెళ్లి గంగులును కడిగి పారేసింది. గంగులు దిగి వచ్చి, ఆమెను చూసి, నెత్తి కొట్టుకున్నాడు. తరువాత బండి వెనక్కి వెళ్లి పలక మీది అక్షరాలు పైకి చదివాడు. సిద్ధమ్మ గట్టు మీద చతికిలబడింది.

“తొమ్మిది రోజులు నేను బొట్టు పెట్టింది అంగడి చిరునామాకా?”

ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. గంగులు చెప్పిన మాట ఇంకా కంగారు పెట్టింది. తన చూపు మందగిస్తోందట, మంచె మీద రోజూ తానే ఉండడట. పాదాలు లేని బండిని ఎవరు మాత్రం ఎలా గుర్తుపడతారని ఆయన అడిగాడు. పోనీ పాదాలు వేయిద్దామా అంటే, పదకొండో రోజున కుమ్మరివారి బిడ్డ పాదం ఇత్తడి మీద ఒత్తి చూశారు. పసుపు పట్టలేదు. ఎండి, పెచ్చులుగా రాలిపోయింది.

గొల్లవారి పల్లెలో ఒక ఇల్లాలు కవలలను మోస్తోంది. అదీ ఏటి అవతలే. పౌర్ణమికి పురుడు వస్తుందని సిద్ధమ్మే లెక్క చెప్పింది. పౌర్ణమి ఇంక పదిహేను రోజులు లేదు. ఈసారి ఆలస్యమైతే పోయేవి మూడు ప్రాణాలు.

సిద్ధమ్మ మొదట చక్రధరుడి దగ్గరకే వెళ్లింది. పలక తీసేయమని మర్యాదగా అడిగింది. ఆయన నొచ్చుకున్నాడు. పలక తీస్తే బండికి తన పూచీ ఉండదన్నాడు. ఇరుసు విరిగినా చక్రం ఊడినా తన గడప తొక్కవద్దన్నాడు. తన పేరు ఉండటం బండికే గౌరవమని కూడా అన్నాడు.

“నాకు గౌరవం వద్దయ్యా, దారి కావాలి” అంది సిద్ధమ్మ.

ఆయన అప్పటికే ఇంకో బేరం వైపు తిరిగిపోయాడు.

రెండోసారి ఆమె కమ్మరి దగ్గరకు వెళ్లింది. అతను బలమైనవాడు, తన బలం మీద నమ్మకం ఇంకా ఎక్కువ. ఉలి సందులో పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. ఇత్తడి కదలలేదు. రెండోది వేశాడు. ఇత్తడి కదలలేదు కానీ వెనక ఉన్న టేకు పలక జానెడు పొడుగున చిట్లింది. ఇంకో దెబ్బ వేస్తే బండి వెనక భాగమే ఊడుతుందని కమ్మరి సుత్తి కింద పెట్టేశాడు.

సిద్ధమ్మ దిగులుగా ఇంటికి వచ్చేసరికి అరుగు మీద నీలవేణి కూర్చుని ఉంది. ఈమె లక్క గాజులు చేసే మనిషి, ఐదో నెల గర్భిణి, కడుపు చూపించుకోవడానికి వచ్చింది. సంగతి విని, లేచి, పలక అంచున గోటితో గీకి వాసన చూసింది.

“ఇది నా సరుకే కదా పెద్దమ్మా. లక్కతో కొట్లాడకూడదు. వెచ్చగా అడగాలి, అదే వదులుతుంది.”

ఇసుకను మూకుట్లో వేయించి గుడ్డలో మూట కట్టింది. ఆ మూటతో ఇత్తడి పలకను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా కాపింది, బాలింతరాలి నడుముకు కాపడం పెట్టినట్టు. తరువాత పట్టు దారాన్ని నూనెలో ముంచి పలక వెనక సందులోకి పోనిచ్చింది. ఒక కొస తాను పట్టుకుంది, ఇంకో కొస సిద్ధమ్మకు ఇచ్చింది. నువ్వు లాగు, నేను లాగుతాను అంటూ అటూ ఇటూ రంపం లాగినట్టు లాగారు. దారం పైనుంచి కిందకు వచ్చేసరికి పలక జారి సిద్ధమ్మ ఒళ్లో పడింది. మిగిలిన జిగురును వెచ్చటి నువ్వుల నూనెతో తుడిచేశారు. కమ్మరి చేసిన పగులును ఆ లక్కతోనే పూడ్చేశారు. టేకు పలక కొత్త పెళ్లికూతురి మొహంలా మెరిసింది.

సిద్ధమ్మ ఇత్తడి పలకను శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరి సొమ్ము వారికి చేరాలి కదా అని, చక్రధరుడికి పంపించింది. చక్రధరుడు అది చూసి మండిపడ్డాడు. నేరుగా రాజుగారి దగ్గరకు వెళ్లి, నా పేరు ఊడబీకి నన్ను నలుగురిలో అవమానించింది, పలక మళ్లీ అతికించేలా ఆజ్ఞ ఇప్పించండి అని మొరపెట్టుకున్నాడు.

పౌర్ణమి ఇంక రెండు రోజులుందనగా సభ జరిగింది. రాజుగారు ఇత్తడి పలకను తిప్పి తిప్పి చూశారు. పని నాణ్యంగా ఉందన్నారు. చేసినవాడు తన పేరు పెట్టుకోవడంలో తప్పేముందని అడిగారు. సభలో చాలా తలలు ఊగాయి. పలక మళ్లీ ఎక్కితే గొల్లవారి పల్లెకు వేళకు చేరడం కల్ల.

ఆమె లేచి నిలబడింది.

“ప్రభూ, బండి చేసింది ఆయనే. మంచి బండి, కాదనను. నేనూ ఒక పని చేస్తాను. నలభై ఏళ్లుగా ఈ రాజ్యంలోకి మనుషులను తెస్తున్నాను.”

అని చక్రధరుడి దగ్గరకు నడిచింది.

“నాయనా చక్రధరా, నువ్వు కాళ్లతో ఎదురొచ్చావు. మీ అమ్మ రెండు పగళ్లు పడరాని పాట్లు పడింది. నిన్ను తిప్పి బయటికి తెచ్చింది ఈ చేతులే. కడిగి, తుడిచి, మీ అమ్మ ఒళ్లో పెట్టి నా దారిన నేను వచ్చేశాను. నీ నుదుటి మీద నా పేరు రాశానా?”

చక్రధరుడి చేయి తనకు తెలియకుండానే నుదుటి మీదకు వెళ్లింది. అక్కడ ఏమీ లేదు, చెమట తప్ప. ఆయన సిగ్గుతో తల దించుకుని, చిన్నపిల్లవాడిలా, రాయలేదమ్మా అన్నాడు.

రాజుగారు తన మాట వెనక్కి తీసుకున్నారు. రాజులు ఆ పని చేయడం అరుదు కనుక ఆ సంగతి కూడా చెబుతున్నాను. ఇకమీదట కొన్నవాడు కోరితేనే అమ్మినవాడి పేరు వస్తువు మీద ఉండాలన్నారు. పూచీ అనేది బండికే గానీ పలకకు కాదు కనుక సిద్ధమ్మ బండికి చక్రధరుడి పూచీ ఉండి తీరాలని కూడా తీర్పు చెప్పారు.

తీర్పు వినడానికి వచ్చిన తల్లులు కోట వాకిట్లోనే పసుపు కలిపారు. చంకలోని పిల్లల పాదాలన్నీ ఒక్కొక్కటిగా సిద్ధమ్మ బండి వెనక టేకు పలక మీద పడ్డాయి. రెండో రోజున గొల్లవారి పల్లె నుంచి కబురు వచ్చింది. రేవులో తొమ్మిది బండ్లు ఉన్నాయి. డప్పు రెండుసార్లు మోగింది, తొమ్మిది బండ్లూ తప్పుకున్నాయి. ఆ పూటే ఒక ఆడపిల్ల, ఆమె వెనకే ఒక మగపిల్లవాడు పుట్టారు. తల్లి లేచి కూర్చుని గంజి తాగింది. సిద్ధమ్మకు ఆ సాయంత్రం ఉన్నంత సంతోషం రాణిగారికి కూడా ఉండి ఉండదు.

కవలల తండ్రి ఆమెను సాగనంపుతూ, ఇంత రాళ్ల దారిలో కూడా కుదుపు లేకుండా వచ్చిందే, ఈ బండి ఎక్కడిదని అడిగాడు. కోట వీధిలో చక్రధరుడి దగ్గరిదని సిద్ధమ్మ మనస్ఫూర్తిగా చెప్పింది. ఆ తరువాత వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అడిగినవారికల్లా అదే మాట చెప్పింది. ఇత్తడి పలకను చూసి అంగడికి వచ్చినవారు ఏడాదికి పదిమంది ఉంటే, సిద్ధమ్మ మాట విని వచ్చినవారు నెలకు పదిమంది అయ్యారు. చక్రధరుడు మిగిలిన ఇత్తడి పలకలన్నీ కరిగించి ఉగ్గుగిన్నెలు పోయించాడు. రాజ్యంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒకటి పంపేవాడు. వాటి మీద ఏ పేరూ ఉండేది కాదు.

కనుక పిల్లలూ, ఒకరి చేతికి ఇచ్చేసిన వస్తువు మీద మన పేరు అతికించి పంపకూడదు. పని మంచిదైతే పుచ్చుకున్నవారే మన పేరు నలుగురికీ చెబుతారు.