రవ్వముద్దకు డెబ్బై ఎనిమిది

“గురువుగారూ, మనిషి తన ఒంటిని నమ్మాలా, గడియారాన్ని నమ్మాలా?” అని కోదండపాణి ఒక ఆదివారం ఉదయం అడిగాడు.

మా గురువుగారు చోడవరపు వైకుంఠరావుగారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని అయ్యేసరికి సగం మంది ప్రశ్న మర్చిపోతారు, మిగిలినవాళ్లు మళ్లీ అడగడానికి జంకుతారు. నిడదవోలులో ఆయన దగ్గర పదకొండేళ్లు మృదంగం నేర్చుకున్నవాణ్ణి కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలను. ఆ పదకొండేళ్లలో నాకు పట్టుబడిన విద్యలు రెండు: శ్రుతిపెట్టెకు ప్లగ్గు పెట్టడం, కచేరీలో ముందు వరసన కూర్చుని తల ఊపడం. ఆ తల కూడా అప్పుడప్పుడు తాళం తప్పుతుందని గిట్టనివాళ్లు అంటారు. వాళ్లలో గురువుగారు మొదటివారు. కాబట్టి ఈ సంగతి వినేముందు చెప్పేవాణ్ణి కాస్త అనుమానించడం మీకే మంచిది.

అనుమానంలో మాత్రం కోదండపాణి ముందు నేను పసివాణ్ణి. అతను సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా. వచ్చినవాడు తన స్థలం అమ్ముకోవడానికి వచ్చాడా, పక్కవాడి స్థలం అమ్మడానికి వచ్చాడా అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేలిముద్రల వంక అనుమానంగా చూడడమే అతని ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ చూపు మారదు. కాఫీలో చికోరీ ఎంత కలిపారో అడిగి గాని తాగడు. అయితే చేతిలో విద్య ఉంది. పద్దెనిమిదేళ్లుగా నేర్చుకుంటున్నాడు, నేర్చుకున్నది నిలబెట్టుకున్నాడు. అతనిలో గురువుగారికి కనబడిన లోపం ఒక్కటే. మృదంగానికి ఎడమ వైపు నిండుగా పలకాలంటే వాయించేముందు తడిపిన బొంబాయి రవ్వ అక్కడ అతికించాలి, వాయించాక గీకేయాలి. ఉంచేస్తే ఎండి, తోలును పాడుచేస్తుంది. పాణి అతికించడం ఎన్నడూ మర్చిపోడు. గీకడం ఎన్నడూ గుర్తుండదు.

మాఘమాసంలో ఒక పెళ్లిలో, ఆఫీసులో అతని పక్క బల్లమీద పనిచేసే మనిషి, ఇతనికంటే ఏడాది చిన్న, విస్తరి ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి ఒరిగిపోయాడు. పప్పు వడ్డిస్తున్నారప్పుడు. పక్క విస్తరి పాణిదే. మర్నాడే అతను గుండెను కాపలా కాసే స్మార్ట్ వాచీ కొని ఎడమ చేతికి కట్టాడు. అప్పటినుంచి కుడి చేత్తో భోజనం, ఎడమ చేతి మీద చూపు. ఆఫీసులో కూర్చుంటే డెబ్బై, మెట్లెక్కితే తొంభై, అంతవరకు బాగానే ఉంది. మృదంగం ముందు కూర్చుంటే మాత్రం నూట యాభై, నూట డెబ్బై. వాచీ గిజగిజలాడి ఎర్రగా హెచ్చరించేది. డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయన తీగలు తగిలించి చూశాడు, బెల్టు మీద పరిగెత్తించి చూశాడు, గుండె గట్టిగా ఉందన్నాడు. పాణికి వెంటనే డాక్టరు మీద అనుమానం వచ్చింది.

శ్రీరామనవమి పందిట్లో కచేరీకి పది రోజులుంది. గురువుగారు మొదటిసారి తన చోట పాణిని కూర్చోబెడుతున్నారు. పాణి ఆ ఆదివారం పాఠానికి కాదు వచ్చింది. మృదంగాన్ని గుడ్డతో కట్టి తెచ్చి, గురువుగారి ముందు పెట్టి, ఇక తనవల్ల కాదని చెప్పడానికి వచ్చాడు. “ఇద్దరు ఆడపిల్లలండి,” అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో అనుమానం లేదు, భయం ఒక్కటే ఉంది.

గురువుగారు మూటకేసి చూశారు. “రవ్వ కలుపు,” అన్నారు.

పాణి రవ్వ కలిపాడు. మూట విప్పి ఎడమ వైపు అతికించాడు. గురువుగారు తొడమీద తాళం వేస్తూ, “ఎడమ చెయ్యి ఒక్కటే. నేను వేసిన దెబ్బకు నువ్వొక దెబ్బ. ఒరేయ్ కామేశం, నీకు లయ రాకపోయినా అంకెలొచ్చు గదా, ఆ వాచీ చూసి చదువు,” అన్నారు.

చదివాను. కాసేపటికి నూట పది దగ్గర నిలబడింది. గురువుగారు తాళం పెంచారు. నూట నలభై. ఇంకాస్త పెంచారు. నూట అరవై. తగ్గించారు. అదీ వినయంగా దిగి నూట పదికి వచ్చి కూర్చుంది. పాణి నుదుట చెమట చుక్క లేదు.

“అది నీ గుండెను కాదురా, నీ చెయ్యిని లెక్కపెడుతోంది. ఎంత చక్కగా అందుకుంటోందో చూడు. కామేశం కంటే నయం.”

“ఒక్కసారి చూసి ఎలా నమ్మనండి?” అన్నాడు పాణి. గురువుగారిని కూడా అతను అనుమానిస్తున్నాడని నాకు అర్థమైంది. కచేరీకి మనిషి తప్పిపోతాడని ఇలా గారడీ చేస్తున్నారేమోనని.

అప్పుడు నాలోని మేధావి నిద్ర లేచాడు. గిన్నెలో మిగిలిన రవ్వముద్దను గట్టిగా ఉండ చేసి, దానికి వాచీ చుట్టాను. వెనకనున్న పచ్చదీపం మిణుకుమిణుకుమంది. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. కాసేపు తటపటాయించి, డెబ్బై ఎనిమిది అంది.

వంటింటి గుమ్మంలోంచి గురువుగారి భార్య సుభద్రమ్మగారు తొంగిచూశారు. “ఏమిటీ, ఉప్మారవ్వకు గుండె ఉందా? పెళ్లయిన నాటినుంచి ఎన్ని హత్యలు చేశానో.”

పాణి నవ్వాడు. రెండు నెలల తరవాత అతను నవ్వగా చూడడం అదే. ఆ నవ్వులోనే అతని అనుమానం గుండెను వదిలి హఠాత్తుగా వాచీ వైపు తిరిగింది. “దొంగముండాకొడుకులు, దీనికి గ్యారంటీ కూడా ఇచ్చారండి,” అని వాచీని ఊడబీకాడు.

“మీరు మొన్న మేడమెట్లెక్కి ఆయాసపడ్డారుగా. మీరూ చూపించుకోండి,” అన్నారు సుభద్రమ్మగారు భర్తతో.

“రవ్వముద్దకు తీసిపోయానా, ఇలా తే,” అన్నారు గురువుగారు.

పాణి దానికంటిన రవ్వ తుడిచి ఆయన చేతికి కట్టాడు. ఆ వాచీలో ఇంకో ఏర్పాటు ఉంది. బొత్తాం మీద వేలు ఆనించి అరనిమిషం కదలకుండా కూర్చుంటే గుండె గీతను గీస్తుందట. గురువుగారు బొమ్మలా కూర్చున్నారు. అరనిమిషం కాగానే తెర మీద ఒక వాక్యం వచ్చింది. గుండె లయ క్రమం తప్పినట్టుంది, వైద్యుణ్ణి సంప్రదించండి అని.

నేను పడీపడీ నవ్వాను. నలభై ఏళ్లుగా ఊళ్లో అందరి లయనూ తిట్టిన మనిషికి లయ తప్పిందంటే, నాలాంటి శిష్యుడికి అంతకన్నా పండగ ఏముంటుంది. “రవ్వముద్దకు ఫస్టుక్లాసు, మీకు ఫెయిలండి,” అన్నాను. పాణి, “దీని మాట పట్టించుకోకండి గురువుగారూ, పచ్చి అబద్ధాలకోరు,” అన్నాడు. గురువుగారు కూడా నవ్వారు. నవ్వుతూనే వాచీ తీసి ఇచ్చేశారు. తరవాత ఎడమ మణికట్టు మీద కుడి చేతి వేళ్లు మూడు ఆనించి, ఎడమ చేతి బొటనవేలిని గణుపుల మీద నడిపిస్తూ ఒక ఆవర్తం లెక్కపెట్టారు. మళ్లీ ఇంకొకటి. నేను చూశాను. చూసి, కచేరీ ముగింపుకు ఏదో కొత్త మోరా, అదే ముక్తాయింపు, కట్టుకుంటున్నారనుకుని, కాఫీ ఎందుకింత ఆలస్యమైందా అని వంటింటి వైపు చూశాను.

“రేపు పాఠం లేదు,” అన్నారాయన.

సోమవారం సాయంత్రం పాణి నా దగ్గరికి వచ్చాడు. చేతికి వాచీ లేదు. మొహంలో మాత్రం పాత అనుమానం. “పాఠం ఎందుకు లేదన్నారంటావు? నవమికి నన్ను మార్చేసి ఇంకెవరినో పెడుతున్నారేమోరా.” ఆ అనుమానం నాకూ నచ్చింది. ఇద్దరం కలిసి వెళ్లాం. తలుపుకు తాళం ఉంది. పక్కింటావిడ, పొద్దున్నే ఇద్దరూ గుండె డాక్టరు దగ్గరికి వెళ్లారని, అక్కడే ఉంచేశారని చెప్పింది.

మేం వెళ్లేసరికి గురువుగారు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఛాతీకి తీగలు. పక్కన సుభద్రమ్మగారు కమలాపండు వలుస్తున్నారు, తొనల్ని తినమని పెట్టకుండా వరసగా పళ్లెంలో పేరుస్తున్నారు. డాక్టరు మమ్మల్ని వరండాలోకి పిలిచి, గుండె లయ నిజంగానే చెదిరిందని, ఇలా వదిలేస్తే రక్తం గడ్డకట్టి మెదడుకు పోయే ప్రమాదముందని, మందులతో అదుపులో పెట్టొచ్చని చెప్పాడు. “ఆయనంతట ఆయనే వచ్చి, ఫలానా విధంగా తప్పుతోందని నోటితో చెప్పి చూపించారు. ఇంకో నెల ఆగి ఉంటే ఎవరో ఒకరు మోసుకొచ్చేవారు,” అన్నాడు. నిన్న పడీపడీ నవ్వినవాణ్ణి, ఆయన మొహం చూడలేక నా చెప్పుల వంక చూశాను.

పాణి మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. “అది అబద్ధాలకోరని మీరే రుజువు చేశారు గదండీ. దాని మాట ఎలా నమ్మారు?” అన్నాడు.

గురువుగారు తీగల మధ్యనుంచి చెయ్యి చాపారు. “పట్టుకో. ఏ తాళమో చెప్పు.”

పాణి మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. నిమిషం గడిచింది. పద్దెనిమిదేళ్లు అభ్యాసం చేసిన మనిషి, అతని పెదవులు లోపల లెక్కపెడుతూ కదిలి ఆగాయి, మళ్లీ కదిలి ఆగాయి.

“జారుతోందండి.”

“ఎన్నో దెబ్బకు?”

“చెప్పలేనండి. ఒకసారి ముందు పడుతోంది. ఒకసారి చాలాసేపు రావడంలేదు.” కళ్లు తెరిచేసరికి అతని కళ్లల్లో నీళ్లున్నాయి.

“రెండు నెలలనుంచి చస్తానేమోనని భయపడుతున్నావు. నీ మణికట్టును ఎప్పుడైనా ఇలా పట్టుకున్నావా?”

పాణి ఎన్నడూ పట్టుకోలేదు. ఊళ్లో గోడగడియారం టిక్కుటిక్కును కూడా వదలకుండా జతులు కట్టేవాడు, తన నాడి ఒక్కదాన్ని మాత్రం వాచీకి వదిలేశాడు. ఇప్పుడు అక్కడే నిలబడి పట్టుకున్నాడు. పక్కన నేనూ నాది పట్టుకున్నాను. నాకు ఎంత వెతికినా దొరకలేదు. సుభద్రమ్మగారు నా వేళ్లను తీసి సరైన చోట పెట్టారు.

చాలాసేపటికి పాణి తల ఎత్తాడు. “సమంగా ఉందండి,” అన్నాడు. ఈసారి అతను ఎవరినీ అనుమానించలేదు. “నవమికి కూర్చుంటాను.” గుమ్మం దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగాడు. “అయితే గురువుగారూ, ఆ వాచీని పారేయమంటారా, కట్టుకోమంటారా?”

గురువుగారు కమలాతొన ఒకటి నోట్లో వేసుకున్నారు.

“రవ్వ పెట్టకుండా ఎడమ వైపు పలుకుతుందిరా?”

“పలకదండి.”

“వాయించాక గీకుతున్నావా మరి?”