గవరయ్య ఊపిరి

అనగనగా కొండల నడుమ ఒక రాజ్యం. ఆ రాజ్యంలో ఒక ఏరు, ఏటి మధ్యలో పచ్చని లంక. లంకలో రైతులు దోసపాదులు, వంగతోటలు వేసుకుని బతికేవారు. ఎక్కడో కొండల్లో వాన కురిస్తే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వరద వచ్చిపడేది. అందుకని రాజుగారు ఒడ్డునున్న గుట్టమీద ఒక మనిషిని కాపలా పెట్టారు. అతని పేరు గవరయ్య. ఎగువన ఎర్రనీరు కనబడగానే అతను కొమ్ము ఊదాలి. అది విని లంకవాళ్లు పడవలెక్కి ఒడ్డుకు చేరాలి.

గవరయ్య మంచివాడే. పనికి ఏనాడూ ఆలస్యంగా వెళ్లలేదు. కాని అతని నోట్లో చుట్ట ఆరేది కాదు. లేస్తూనే ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, పొద్దు వాలుతుంటే అరుగుమీద ఒకటి. మధ్యమధ్య కాల్చినవాటిని అతను లెక్కలోకే తీసుకునేవాడు కాదు. దగ్గు వస్తే కొండగాలి పడలేదనేవాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం ఏటి మలుపులో ఎర్రనీరు కనబడింది. గవరయ్య కొమ్ము అందుకున్నాడు. మొదటిసారి ఊదబోతే దగ్గు తెర ముంచుకొచ్చింది. రెండోసారి గాలి సగంలోనే తెగిపోయింది. మూడోసారి కళ్లు తిరిగి కూలబడ్డాడు.

పడవవాళ్లే నీటిని చూసి, కేకలు వేసి జనాన్ని ఒడ్డుకు చేర్చారు. లంక చివర దున్నుకుంటున్న అప్పలనాయుడనే ముసలాయన ఒక్కడే మిగిలిపోయాడు. తుమ్మచెట్టెక్కి, పొద్దు గూకేదాకా కొమ్మ పట్టుకుని కూర్చున్నాడు. అతని ఎద్దులు అతని కళ్లముందే కొట్టుకుపోయాయి.

పడవవాళ్లు ఒడ్డుకు తెచ్చాక ముసలాయన గవరయ్యను చూసి, "నువ్వు ఊదే ఉంటావు నాయనా. నా చెవులే పోయినట్టున్నాయి, వినబడలేదు" అన్నాడు.

తిట్టి ఉంటే గవరయ్య ఓర్చుకునేవాడు. ఆ మాటకు మాత్రం తల ఎత్తలేకపోయాడు. "నీ చెవులు బాగానే ఉన్నాయి తాతా. నాకే ఊపిరి లేకపోయింది" అన్నాడు.

మర్నాడు తానే రాజుగారి దగ్గరికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పి, కొమ్మును ఆయన ముందు పెట్టాడు. రాజు అంతా విన్నాడు. ముసలాయనకు కోట పశువులశాల నుంచి ఎద్దుల జత ఇప్పించాడు. ఆ వానలు వెళ్లేదాకా గుట్టమీద మరొకరిని ఉంచమన్నాడు. ఆ తర్వాత కొమ్మును తిరిగి గవరయ్య చేతికిచ్చి, "నిజం చెప్పినవాణ్ణి పంపేయడం నాకిష్టం లేదు. వచ్చే వానల్లోగా ఊపిరి తెచ్చుకో. రాకపోతే అప్పుడు కొమ్ము నువ్వే తెచ్చి ఇవ్వు" అన్నాడు.

గవరయ్య ఇంటికి వచ్చి చుట్టలన్నీ ఏట్లో పారేశాడు. ఇక ముట్టనని ఊరి దేవత మీద ఒట్టేశాడు. రెండు పూటలు ఎలాగో గడిచాయి. మూడో పూట అన్నం తిని లేవగానే చెయ్యి దానంతటదే మొలలో వెతికింది. ఉప్పు తెస్తానని సంతకు వెళ్లి, ఉప్పు మరిచి, చుట్టలతో తిరిగొచ్చాడు.

ఈసారి చుట్టల కట్టను భార్య నూకాలు చేతికిచ్చి, ఎంత బతిమాలినా ఇవ్వొద్దన్నాడు. ఆమె ఇవ్వలేదు. అతను పోట్లాడి, ఇల్లంతా గాలించి, చోళ్లగంప అడుగున దాన్ని పట్టుకున్నాడు. నేలమీద చెల్లాచెదురైన గింజలను ఆమె ఒక్కొక్కటిగా ఎత్తుకుంటుంటే, వెలిగించిన చుట్ట అతనికి చేదయింది. అయినా ఆర్పలేకపోయాడు. తన వల్ల కాదని, కొమ్ము రేపే ఇచ్చేస్తానని అన్నాడు.

నూకాలు చేట పక్కన పెట్టి అతని దగ్గర కూర్చుంది.

"మానాలని మాత్రమే అనుకున్నావు మావా. మానేశాక ఆ పొద్దు ఏం చెయ్యాలో అనుకోలేదు. ఊరికే కూర్చుంటే మనసు పాతదాని దగ్గరికే పోదా?"

ఇద్దరూ కలిసి ఆలోచించారు. లేవగానే చుట్టకు బదులు ఏటికి వెళ్లి, మెడలోతు నీళ్లలో నిలబడి, నిండుగా గాలి పీల్చి వదలాలనుకున్నారు. అన్నం తిన్నాక నాలుక కింద కరక్కాయ ముక్క. పొద్దు వాలుతుంటే అరుగుకు బదులు గుట్ట ఎక్కడం. లంకవాళ్లు వరదనుకుని బెదరకుండా, గుట్ట అవతల అడవివైపు తిరిగి కొమ్ము సాధన చెయ్యడం.

మొదట్లో కొమ్ము దూడ అరిచినట్టు అరిచేది. సగం గుట్ట ఎక్కేసరికే అతను రొప్పుతూ రాతిమీద చతికిలబడేవాడు. కరక్కాయ ఒగరుకు ముఖం చిట్లించేవాడు. ఒక పెళ్లిలో పదిమంది మధ్య కూర్చుని, ఎవరో చెయ్యి చాచి ఇచ్చిన చుట్ట కాదనలేక కాల్చేశాడు కూడా. ఇంటికొచ్చి అంతా పాడైపోయిందని ముఖం వేలాడేశాడు. నూకాలు దెప్పలేదు. "నేడు తప్పావు. రేపు పొద్దున ఏరు అక్కడే ఉంటుంది, వెళ్లు" అంది. అతను వెళ్లాడు.

చలి వెళ్లింది, ఎండలు వెళ్లాయి. దగ్గు ఎప్పుడు తగ్గిందో అతనికే తెలియదు. ఒకరోజు గుట్ట ఎక్కాక, దారిలో ఎక్కడా ఆగలేదని గమనించి తానే ఆశ్చర్యపోయాడు.

మళ్లీ వానలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం మలుపులో ఎర్రనీరు కనబడింది. గవరయ్య కొమ్మెత్తి ఊదాడు. మొదటి పిలుపుకు లంకలో తలలు లేచాయి. రెండో పిలుపుకు తల్లులు పిల్లలను చంకనెత్తుకున్నారు. మూడో పిలుపుకు పడవలు కదిలాయి. ఆ పిలుపు ఎంతసేపు సాగిందంటే, లంక చివరనున్న అప్పలనాయుడు ఎద్దులను తోలుకుని రేవు చేరేదాకా ఆగలేదు. వరద వచ్చేసరికి లంకలో ఒక్క ప్రాణీ లేదు.

ఆ సాయంత్రం లంకవాళ్లు గవరయ్యను చుట్టుముట్టారు. సంగతి తెలియని ఒక రైతు సంతోషం పట్టలేక మేలురకం చుట్టల కట్ట తెచ్చి అతని చేతిలో పెట్టాడు.  వాసన ముక్కుకు తగిలింది. నూకాలు చూస్తూనే ఉంది.

"ఆశ చావలేదు అన్నా. చచ్చిందంటే అబద్ధం" అని కట్ట తిరిగి ఇచ్చేశాడు గవరయ్య. తర్వాత అప్పలనాయుడి వైపు తిరిగి, "నేను గుట్ట ఎక్కే వేళయింది తాతా. మెల్లగా నడుద్దాం, వస్తావా?" అన్నాడు.

ముసలాయన కర్ర అందుకున్నాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ పైకి నడిచారు.

చెడ్డ అలవాటును ఊరికే వెళ్లగొడితే తిరిగి వస్తుంది. దాని చోట మంచి అలవాటును నిలిపి, తప్పిన మర్నాడు కూడా మళ్లీ మొదలుపెట్టేవాడే దాన్ని గెలుస్తాడు.