మునగలేరు ఉమ్మడి గాదె

వెనకటికి మునగలేరు అనే పల్లెను కరువులు వరసగా కాటేశాయి. ఇక ఊరొదిలి పోదామనుకున్న రైతులకు నాంచారమ్మ అనే ముసలి కూలిమనిషి ఒక దారి చెప్పింది. నాలుగు గింజలు పండిన ఏడు ఇంటింటా చేటెడు జొన్నలు తెప్పించి ఒకే గాదెలో పోయించింది. విత్తనం లేని రైతుకూ, పొయ్యి వెలగని ఇంటికీ అందులోంచే ఇచ్చేవారు.

ఆ సంగతి విని దివాను బళ్ళు కట్టించుకుని వచ్చాడు.

"ఈ గాదె ఎవరిది?" అని గద్దించాడు.

అందరూ పోసిన గాదెను నాదని ఒక్కరెలా అంటారు? దివాను తన బంట్ల వైపు తిరిగాడు.

"నాది అనేవాళ్ళు లేని సొత్తు రాజుగారిదే. బళ్ళకెత్తండి!"

నాంచారమ్మ అడ్డం పోలేదు. గుడిసెలోంచి సుంకిని ఎత్తుకొచ్చి దివాను చేతుల్లో పెట్టింది. కరువులో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పసిపిల్ల అది.

"దీన్నీ నాది అనేవాళ్ళు లేరు దొరా. రాజుగారికి అప్పగించండి."

దివాను కంగారుపడ్డాడు. "బొద్దుగా ఉందే! తిండి ఎవరు పెడుతున్నారు?"

"ఊరంతా."

"మరి ఎవరూ లేనిదెలా అవుతుంది ముసలీ? ఇది ఊరి పిల్ల!"

"దీనికి గంజి పోసే గాదె మాత్రం ఊరిది కాదా దొరా?"

అప్పటికే సుంకి దివాను భుజం మీద నిద్రపోయింది. దింపితే లేస్తుందేమోనని ఆయన మెల్లగా అరుగు మీద కూర్చుని, ఖాళీ బళ్ళను చప్పుడు కాకుండా తోలుకుపొమ్మని బంట్లకు సైగ చేశాడు.