ఆఖరి మనిషి లేచేదాకా

బొబ్బిలిలో వీణ నేర్పే సోమిదేవమ్మ గారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. దేవుడున్నాడా అని అడిగిన ఓ రిటైర్డు తహసీల్దారు గారిని కూర్చోబెట్టి చిక్కుడుకాయలకి ఈనెలు తీయించారు. ఆయన బుద్ధిగా తీసి, ఆ కూరతోనే భోంచేసి వెళ్ళాడు గానీ మళ్ళీ ఆ ప్రశ్న ఎత్తలేదు. జవాబు దొరికిందో, చిక్కుడుకాయలంటే భయం పట్టుకుందో మనకు తెలియదు.

ఆవిడ ఇంట్లో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. కచేరీ అయిపోయి, మంగళం పాడేసి, వీణకి గుడ్డ కప్పేసినా సరే, విన్నవాళ్ళలో ఆఖరి మనిషి లేచేదాకా తంబురా ఆపకూడదు. ఆవిడ గురువుగారు పెట్టిన నియమమట. నిజానికి ఈ కాలంలో అదేం పెద్ద కష్టం కాదు. మంగళం సగంలో ఉండగానే జనం చెప్పులు వెతుక్కుంటారు. తంబురా వేసేవాళ్ళకి వేళ్ళు నొప్పెట్టేంత పని ఎప్పుడూ పడలేదు.

ఒకప్పుడు ఆ వసారా నిండా పిల్లలు కూర్చునేవారు. ఒక్కొక్కరే చదువులకీ పెళ్ళిళ్ళకీ చెదిరిపోయి, చివరికి హైమవతి ఒక్కతే మిగిలింది. హైమకి ముప్పై అయిదు దాటాయి. పెళ్ళి పెటాకులయ్యాక ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని ఊరు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి, కళ్ళజోళ్ళ షాపులో కుదురుకుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చిన వాళ్ళందరి కళ్ళకీ అద్దాలు పెట్టి, "ఇప్పుడు బాగా కనబడుతోందాండీ?" అని అడగడం ఆవిడ ఉద్యోగం. వాళ్ళకి గోడ మీది అక్షరాలన్నీ కనబడేవి. అడుగుతున్న మనిషి మాత్రం ఎవరి కంటికీ ఆనేది కాదు.

ఇంటికి వెళితే గది, గదిలో పొయ్యి, కిటికీ మీద ఫోను. ఆ ఫోనులో తెప్ప ఉండేది. తెప్ప అంటే విశాఖపట్నం కుర్రాళ్ళు నలుగురు కలిసి పెట్టుకున్న బ్యాండు. పెద్ద పేరున్న వాళ్ళేం కాదు. ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో బస్సులో ఎవరి ఫోనులోంచో వాళ్ళ పాట హైమ చెవిన పడింది. "తెడ్డు లేని తెప్ప మాది, తెల్లవారితే ఏ ఊరిదో" అని వాళ్ళు పాడుతుంటే, కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అప్పటినుంచి వంట చేసుకున్నా, బట్టలు మడత పెట్టుకున్నా వాళ్ళే తోడు. ఒకటే వెలితి. ఆ పాటలు తెలిసిన ఇంకో మనిషిని ఆవిడ ఇంతవరకు చూడలేదు. షాపులో అడిగితే "తెప్పోత్సవమా అక్కా?" అన్నారు.

అలాంటిది, ఆ ఏడు ఊళ్ళో జరిగే సంగీతోత్సవానికి తెప్ప వస్తోందని గోడల మీద కాగితాలు పడ్డాయి. హైమ సెలవు పెట్టుకుంది. చీర కొనుక్కుంది. పాటలు వినడం కాదు ఆవిడ ఆశ, అవెటూ ఫోనులో ఉన్నాయి. ఆ పాట మొదలవగానే చుట్టూ ఉన్నవాళ్ళు కూడా గొంతు కలుపుతారే, ఆ గుంపులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి తానూ నిలబడాలి. అంతే.

ఉత్సవం రెండ్రోజులుందనగా గాయకుడి గొంతు పోయిందనీ, తెప్ప రావడం లేదనీ కబురొచ్చింది.

ఆ సాయంత్రం హైమ పాఠానికి వచ్చి వీణ ముందు కూర్చుందే గానీ తీగ మీద చెయ్యి వెయ్యలేదు. చివరికి తనే నోరు విప్పింది.

"నా పేరు కూడా తెలియని వాళ్ళు అమ్మగారూ. వాళ్ళు రాకపోతే నాకెందుకింత దుఃఖం? మా ఆయన వదిలేసి వెళ్ళిన రోజున కూడా ఇంత ఏడవలేదు. సిగ్గుగా ఉంది."

"ఆ తంబురా దించి బూజు దులుపు," అన్నారు ఆవిడ.

హైమకి ఒళ్ళు మండింది. అయినా దించింది, దులిపింది. ఆ పని అవుతుండగానే ఉత్సవ సంఘం కార్యదర్శి సన్యాసిరాజు గారు చెమటలు కక్కుకుంటూ వచ్చి గడపలో నిలబడ్డారు. తెప్పకి ఇచ్చిన సమయం ఖాళీ పడిపోయిందట. పక్క ఊళ్ళ వాళ్ళెవరూ ఇంత తొందరలో ఒప్పుకోలేదట. "మీరు గనక ఓ గంట వాయిస్తే మా పరువు నిలబెట్టిన వారవుతారమ్మా," అన్నారాయన. మృదంగానికి మనిషి దొరకడం కూడా కష్టమేనని నీళ్ళు నమిలారు.

"వీణుంది, తంబురా ఉంది. చాలు, వస్తాం," అన్నారు సోమిదేవమ్మ గారు.

ఆయన వెళ్ళీ వెళ్ళగానే హైమ తంబురా పక్కన పెట్టేసింది. "నేను రాలేనమ్మగారూ. వాళ్ళు నిలబడాల్సిన చోట నేను కూర్చోలేను. తంబురాకి ఇంకెవరినైనా పిలవండి."

సోమిదేవమ్మ గారు వసారా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఓసారి చూశారు. చుట్టిపెట్టిన చాపలు గోడకి చేరగిలబడి ఉన్నాయి.

"ఇంకెవరున్నారే?" అన్నారు.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. చాపల్ని చూసి చెప్పిన మాట, అంతే. ఈ ఇంట్లో కూడా పొద్దుపోని సాయంత్రాలుంటాయని హైమకి అంతవరకు ఎప్పుడూ తట్టలేదు. వస్తానని తలూపింది గానీ, మనస్ఫూర్తిగా ఊపలేదు.

ఉత్సవం నాడు పొద్దు వాలే వేళకి మైదానం కిటకిటలాడుతోంది. తెప్ప రావడం లేదన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. సన్యాసిరాజు గారు మైకు పట్టుకుని, ఫలానా కారణం చేత తెప్ప బృందం రాలేకపోతోందనీ, బదులుగా వీణ కచేరీ ఉంటుందనీ చదివారు. చదవడం పూర్తయ్యేలోపు కుర్చీలు కదలడం మొదలైంది. సోమిదేవమ్మ గారు వేదిక మెట్లెక్కి, సర్దుకుని, వీణ ఒళ్ళోకి తీసుకునేసరికి మైదానంలో కుర్చీలు మిగిలాయి, వాటి మధ్య చిరుతిళ్ళ పొట్లాలు మిగిలాయి. వెళ్ళినవాళ్ళు బజ్జీల బండి దగ్గర మూగి, ఏమీ జరగనట్టే నవ్వుకుంటున్నారు.

హైమ తంబురా నిలబెట్టుకుని మీటసాగింది. కళ్ళ నిండా నీళ్ళు. అవి తెప్ప కోసమో, ఖాళీ కుర్చీలకి వాయిస్తున్న ఈ ముసలావిడ కోసమో ఆవిడకే తేలలేదు. సోమిదేవమ్మ గారు మాత్రం ఇసకేస్తే రాలనంత జనం కూర్చున్నట్టే, తొణక్కుండా వాయించారు. ఒక రాగం మధ్యలో తల పైకెత్తి దూరంగా ఎటో చూసి, చిన్నగా తలూపి మళ్ళీ దించారు. హైమ ఆ చూపు వెంట చూసింది. వెనక వరసల్లో, ఓ చివర, ఒక మనిషి కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళుంటాయేమో. ముదురు చీర, ఒళ్ళో సంచి. ఆ సంచిని రెండు చేతులా పట్టుకుని, కదలకుండా, వేదిక వైపే చూస్తోంది.

మంగళం అయింది. సోమిదేవమ్మ గారు దణ్ణం పెట్టారు. వీణకి గుడ్డ కప్పారు. మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా లేచి వెళ్ళి, వేదిక పక్కనున్న బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు. ఆ వెనక వరస మనిషి మాత్రం లేవలేదు.

హైమ తంబురా ఆపలేదు. నియమం నియమమే కదా. ఇంకో నిమిషం చూద్దాం, లేస్తుందిలే అనుకుంది. ఆవిడ లేవలేదు. ఇంకాసేపు చూసింది. ఉహుఁ. సంచి సర్దుకుంది, గొంతు సవరించుకుంది, కూర్చునే ఉంది. హైమకి మధ్యవేలు మండిపోతోంది. గురువుగారి వైపు చూస్తే, ఆవిడ నీళ్ళ చెంబు మూత పెట్టడంలో మహా తీరిగ్గా ఉన్నారు.

మైకు చూసే ఆయన వచ్చి, "ఏమండీ, అయిపోయినట్టేనా?" అని అడిగాడు. హైమ తల అడ్డంగా ఊపింది. ఆయన వీణ పక్కనున్న మైకునీ తంబురా పక్కనున్న మైకునీ చూసి, ఇదెక్కడి చోద్యంరా అనుకుని, రెంటినీ కట్టేసి తీసుకుపోయాడు. మైకు పోగానే తంబురా నాదం చిన్నదైపోయి వేదిక అంచు కూడా దాటలేదు. పోన్లే, వినబడకపోతే తనే లేస్తుంది అనుకుంది హైమ.

ఆవిడ లేచింది. హైమ వేళ్ళు ఆగబోయాయి. కానీ ఆవిడ గేటు వైపు వెళ్ళలేదు. కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుంటూ ముందుకొచ్చి, మొదటి వరసలో సరిగ్గా హైమకి ఎదురుగా కూర్చుంది!

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వాలో ఊరుకోవాలో తెలియక ఇద్దరూ చూపులు తిప్పుకున్నారు. ఏం చెయ్యాలో తోచని మనిషి చేసే పనే ఆవిడా చేసింది. కాలు ఆడిస్తూ, లోలోపల కూనిరాగం తీసింది. ముందు గాలి పీల్చుకున్నట్టుగా ఉంది. తర్వాత మాటలొచ్చాయి.

"తెడ్డు లేని తెప్ప మాది, తెల్లవారితే ఏ ఇంటిదో..."

ఇన్నాళ్ళలో ఇంకో మనిషి నోట ఆ పాట వినడం హైమకి అదే మొదలు. "ఏ ఊరిదో" అనాలి, ఆవిడ "ఏ ఇంటిదో" అంటోంది. తప్పే. హైమ దిద్దలేదు. తంబురా మీటుతూనే ఆ తర్వాతి ముక్క అందుకుంది. అవతలి మనిషి కాలు ఆడించడం ఆగిపోయింది. కళ్ళింత చేసుకుని చూసి, మరి కాస్త గట్టిగా పాడింది. పాట తంబురా శ్రుతిలో ఒదిగిపోయింది. ఖాళీ మైదానంలో ఇద్దరే, పల్లవీ చరణాలూ అన్నీ, చివరిదాకా పాడుకున్నారు. రెండోసారి పల్లవి వచ్చినప్పుడు హైమ కూడా "ఏ ఇంటిదో" అనే అంది.

పాట అయ్యాక ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, "అమ్మా, మరి నానెల్లొచ్చునేటి?" అని అడిగింది.

"అయ్యో, ఎప్పుడో వెళ్ళొచ్చండీ! మీరు లేస్తే ఆపుదామని నేను వాయిస్తున్నాను."

"అయ్యోలమ్మ! నువ్వాపితే లెగుద్దారని నాను కూకున్నాను. అది మోగుతుండగా లెగిసెల్లిపోతే తప్పు కాదేటి? మైకు కూడా తీసేసినారు, పాపం పిల్ల ఒక్కర్తీ వాయించుకుంటందని ముందుకొచ్చినాను."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వుతున్నంతసేపూ హైమ వేళ్ళు మీటుతూనే ఉన్నాయి. ఆవిడకి సాలూరులో ఇడ్లీ బండి ఉందట. పిండి రుబ్బేటప్పుడల్లా తెప్ప పాటలే పెట్టుకుంటుందట. "ఆళ్ళు రారని ఇక్కడికొచ్చినాకే తెలిసింది. బండి కట్టీసి మరీ వచ్చినాను. అందరూ ఎల్లిపోనారు. బస్సుకింకా టయిముంది, ఎక్కడికెల్తాను? ఇంటికాడ మాత్రం ఎవులున్నారు?" అంది. అని, ఆ మాట అననట్టే సంచి భుజానికి తగిలించుకుని, బస్సు గుర్తొచ్చి, "ఎల్తానమ్మా, బాగా వాయించినావు" అంటూ వడివడిగా గేటు దాటిపోయింది.

అప్పుడు హైమ తంబురా ఆపింది. ఆపాక గానీ ఆవిడ పేరైనా అడగలేదని గుర్తు రాలేదు. గేటు దాకా పరిగెత్తింది. రోడ్డు మీద ఉత్సవం జనం, ఆటోలు, దుమ్ము. ముదురు చీరలు చాలానే ఉన్నాయి. కాసేపు నిలబడి తిరిగొచ్చింది. వచ్చి తంబురా పక్కన కూలబడి, ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది.

సోమిదేవమ్మ గారు బల్ల మీంచి లేచి వచ్చి, తంబురాకి గుడ్డ కప్పారు. ముడి వేస్తూ, హైమ వైపు చూడకుండానే అన్నారు:

"వాళ్ళు రాలేదని నీకు తెలిసింది గనక ఏడ్చావు. ఇవాళ నువ్వూ రాకపోయుంటే, పాపం, ఏడవడానికి నువ్వు రాలేదని ఆవిడకి తెలిసేది కూడా కాదే."